వణుకు మానిన బండి

మా మామయ్యను డిపోలో అందరూ సీసాల మేస్త్రి అనేవారు. ఆ పేరు విని, కొత్తగా పనిలో చేరినవాళ్లు ఆయన తాగుబోతు అనుకునేవారు. పాపం, ఆయన టీ తప్ప ఇంకేదీ ముట్టి ఎరగడు. ఆ సీసాల్లో ఉండేది బస్సుల గేర్‌బాక్సుల్లోంచి తీసిన పాత ఆయిలు. ఏ బండి మీద చెయ్యి వేసినా ముందు ఒక దగ్గుమందు సీసాలో కాస్త ఆయిలు పట్టి, చీటీ మీద బండి నంబరూ తేదీ రాసి అంటించి ఇంటికి తెచ్చుకునేవాడు. వాళ్ల ముందుగదిలో పుస్తకాలు ఉండాల్సిన అలమర నిండా ఆ సీసాలే. పెళ్లయి ఇన్నేళ్లయినా పెళ్లాం ఫొటో ఒక్కటీ గోడకు పెట్టని మనిషి బస్సుల ఆయిలును మాత్రం అద్దాల అలమరలో దాచుకున్నాడని మా అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఆయన మా అమ్మకు అన్నయ్య. మా నాన్న అదే డిపోలో డ్రైవరు. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు, ఒకే డబ్బాలో తిన్నారు. చివరికి మామయ్యే తన స్నేహితుణ్ణి ఇంటికి తీసుకొచ్చి చెల్లెలికి మొగుణ్ణి చేశాడు. అప్పటి నుంచి ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. నాన్నకు మామయ్య పనితనం మీద ఎంత గురి అంటే, బండి ఎక్కేముందు మా బావ చూశాడా అని అడిగేవాడు, చూశాడంటే ఇంకేమీ అడిగేవాడు కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగినదంతా ఆ గురి వల్లే జరిగింది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దాన్ని తలుచుకున్నప్పుడే.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఎలా పనిచేస్తుందో మామయ్య నాకు పన్నెండేళ్లప్పుడు వాళ్ల పెరట్లో కుళాయి దగ్గర నేర్పాడు. నా రెండు అరచేతులూ తడిపి గట్టిగా ఒకదానికొకటి అదిమి, మెల్లగా జరపమన్నాడు. చేతులు ఆగి ఆగి, కొట్టుకుంటూ కదిలాయి. ఇదే వణుకు అన్నాడు. తర్వాత కాస్త సబ్బు రాసి మళ్లీ జరపమన్నాడు. ఈసారి మెత్తగా జరిగాయి. అప్పుడు ఆ సబ్బు చేత్తోనే తన చెయ్యి పట్టుకుని లాగమన్నాడు. లాగితే చెయ్యి జారిపోయి వెనక్కి పడ్డాను. ఆయన నవ్వి, గేర్‌బాక్సులో ఆయిలు చేసే పనంతా ఇంతేనన్నాడు. క్లచ్ ప్లేట్లు ఆయిల్లో మునిగే ఉంటాయి. ఇనుప ప్లేటు ఒకటి, కాగితం లాంటి పూత ఉన్న ప్లేటు ఒకటి, ఇలా వరసగా. అవి ఒకదాన్నొకటి అందుకునేటప్పుడు మెత్తగా జారాలి, అందుకున్నాక జారకుండా పట్టుకోవాలి. ఈ రెండు పనులూ ఒక్క ఆయిలుతోనే జరగాలి. అందుకే అందులో జారించే మందులు వేరే, పట్టు ఇచ్చే మందులు వేరే, మురికి విడదీసే మందులు వేరే కలుపుతారు. బండి తిరిగిన కొద్దీ, వేడికి మాడిన కొద్దీ జారించేవి ముందు చచ్చిపోతాయి. అప్పుడు ప్లేట్లు పట్టి వదిలి, పట్టి వదిలి, బండి బయలుదేరేటప్పుడు జ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

దానికి అసలు వైద్యం పాత ఆయిలంతా దించి కొత్తది పొయ్యడం, ప్లేట్లు అరిగితే మార్చడం. మా డిపోలో ఆయిలుకు అర్జీ పెడితే ఎనిమిది నెలలు, ప్లేట్లకు ఎంతకాలమో పెట్టినవాళ్లకే తెలియదు. ఈలోగా బస్సులు వణుకుతూనే ఉండేవి. నిలబడ్డ ప్రయాణికులు ఒకరి మీద ఒకరు పడి డ్రైవర్లను తిట్టేవారు, డ్రైవర్లు వచ్చి షెడ్డులో మామయ్యను తిట్టేవారు.

మామయ్య దానికొక ఉపాయం కనిపెట్టాడు. జారించే మందు ఒక్కటే విడిగా చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. అది ఒక టీ గ్లాసుడు కొలిచి గేర్‌బాక్సులో పోసేవాడు. బండి రెండు వీధులు తిరిగి వచ్చేసరికి వణుకు ఆవిరైపోయేది. బయటి మందులేవీ గేర్‌బాక్సుల్లో పొయ్యకూడదని షెడ్డు గోడ మీద కాగితం అంటించి ఉంది. ఆ కాగితం అంటించిన ఇంజినీరే, ఫలానా బండి వణుకుతోంది, నువ్వే ఏదో ఒకటి చూడు అని మామయ్యతో చెప్పి అటు తిరిగి నిలబడేవాడు. ఏమి చేశావని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

అయితే మామయ్య మోటు మనిషి కాదు. సబ్బు ఎక్కువైతే ఏమవుతుందో నాకు చూపించినవాడికి తెలియదా? ఒక బండికి ఒక్క గ్లాసు, ఒక్కసారే. పోసిన వెంటనే గేర్‌బాక్సు అడుగున పసుపు రంగుతో వేలెడు చుక్క పెట్టేవాడు. చుక్క ఉన్న బండి మళ్లీ వణికితే ససేమిరా ముట్టుకునేవాడు కాదు, ప్లేట్లు వచ్చేదాకా మూల నిలబెట్టమనేవాడు. మందు సంగతి పుస్తకంలో రాస్తే దొరికిపోతాడు కాబట్టి ఎక్కడా రాయలేదు. పోసిన మందుకు లెక్క ఆ చుక్క ఒక్కటే. పదకొండేళ్లు అలా సాగింది, ఒక్క బండికీ ఏమీ కాలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రోజు పొద్దున పదింటికి నాన్న బస్సు ఆస్పత్రి ఎత్తు మీద ఆగింది. మా డిపో బస్సులు తిరిగే దారుల్లోకెల్లా నిటారుగా ఉండేది అదే. బస్సు కిటకిటలాడుతోంది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. నాన్న బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను అరిచింది, బండి మాత్రం ముందుకు కదల్లేదు, వెనక్కి జారింది. ఆయన మళ్లీ బ్రేకు తొక్కేసరికి జారింది నాలుగు గజాలు. అప్పుడే దిగి బస్సు వెనకగా రోడ్డు దాటుతున్న ఒకావిడ వెనక మలుపులో ఉన్న గోడకూ బస్సుకూ మధ్య నలిగిపోయింది. ఆస్పత్రిలో బట్టలు ఉతికే పని ఆవిడది. పనిలోకి వస్తూ చనిపోయింది.

యాక్సిలరేటర్ తొక్కాను, బండి అందుకోలేదు అని నాన్న మొదటి రోజు చెప్పాడు. రెండో రోజూ అదే చెప్పాడు. మూడో రోజు బస్సును డిపోకు తెచ్చి పరీక్ష పెట్టారు. ఖాళీ బస్సు, సాపు నేల. ఇంజినీరు, పోలీసులు, పైనుంచి వచ్చిన ఇద్దరు అధికారులు ఎక్కి షెడ్డు చుట్టూ ఆరు సార్లు తిప్పారు. బండి వెన్నలా నడిచింది. వణుకు లేదు, కుదుపు లేదు. ఇంత మెత్తగా నడిచే గేర్‌బాక్సు ఈ డిపోలో ఇంకొకటి లేదని వాళ్లు కాగితం మీద రాశారు. బండి బాగుంది కాబట్టి తప్పు డ్రైవరుదే.

ఆ మెత్తదనమే జబ్బు అని ఆ షెడ్డులో ఒక్కడికే తెలుసు. పరీక్ష అయ్యాక మామయ్య అలవాటు ప్రకారం బస్సు కింద ఉండే గోతిలోకి దిగి సీసాలో ఆయిలు పట్టాడు. రెండు వేళ్ల మధ్య రుద్దాడు, వాసన చూశాడు. మందు వాసన ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా కొట్టింది. మూడు వారాల కింద ఆ బండి వణుకుతోందని తెస్తే, పైకి చూసి, చుక్క లేదు కదా అని గ్లాసుడు పోసింది ఆయనే. ఇప్పుడు జేబులోంచి మేకు తీసి గేర్‌బాక్సు అడుగున గీకాడు. నల్ల రంగు పెచ్చుగా లేచి, దాని కింద పసుపు కనిపించింది. అంతకు రెండు నెలల ముందు, ఏటేటా జరిగే తనిఖీ కోసం ఆ ఏడాది మొదటిసారిగా బస్సుల అడుగుభాగాలన్నిటికీ నల్ల రంగు కొట్టించారు. రంగు కొట్టినవాడు పాత చుక్కను నలుపుతో కప్పేశాడు. మామయ్య రెండో గ్లాసు పోసి, ఆ నలుపు మీద కొత్త చుక్క పెట్టుకున్నాడు.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. నాకు తెలిసింది ఆ సాయంత్రం మా వంటింట్లో జరిగింది. నాన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ కంచం పెట్టింది, ఆయన ముట్టలేదు. మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న ఆయన మొహంలోకి చూశాడు.

"బావా, అందరూ ఏదో అంటున్నారు. నాకు వాళ్లతో పనిలేదు. నువ్వు చూశావు కదా, నువ్వు చెప్పు. బండిలో ఏమైనా ఉందా?"

మామయ్య చేతులు తుడుచుకున్నాడు, చేతులకు ఏమీ లేకపోయినా.

"బండిలో ఏం లేదు బావా" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటతో మా నాన్న పని అయిపోయింది. కోర్టులో ఇంకా వాదించుకోవచ్చని వకీలు చెప్పినా చెవిన పెట్టలేదు. మా బావే లేదన్నాక ఇంకేముంటుంది, నా కాలే ఎక్కడో తడబడి ఉంటుంది అన్నాడు. తన కాలు జారి ఉండవచ్చని రాసి ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. లైసెన్సు పోయింది, ఉద్యోగం పోయింది, ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. బయటికి వచ్చిన మర్నాడే చనిపోయినావిడ ఇంటికి వెళ్లాడు. వెళ్లొద్దని అమ్మ ఏడ్చింది. ఆవిడ చెల్లెలు తలుపు తీసిందట. ఈయన గుమ్మం బయటే నిలబడి, తప్పు నాదేనమ్మా, నా కాలు సరిగ్గా పడలేదు అని చెప్పాడట. ఆమె తలుపు వేసుకుందట. ఇంటికి వచ్చి మాకు ఇదంతా చెప్పి, చెప్పేశాను, కాస్త బరువు దిగింది అన్నాడు.

ఏం దిగింది? ఆ తర్వాత నాన్న మెట్లు దిగితే గోడ పట్టుకుని, ఎడమ కాలు ముందు వేసి, కుడికాలును దాని పక్కకు తెచ్చుకుని దిగేవాడు. కాలికి ఏ జబ్బూ లేదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఒక పిల్లల బడిలో గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే పని దొరికింది. అక్కడ కూర్చున్నా, ఇంట్లో టీ తాగుతున్నా, కుడికాలితో నేలను మెల్లగా తొక్కి వదులుతూ ఉండేవాడు. ఆ కాలు తన మాట వింటోందో లేదో పరీక్ష పెట్టుకునేవాడు. ముప్పై ఏళ్లు వేల మందిని మోసిన కాలు.

మామయ్య మాత్రం ప్రతి ఆదివారం వచ్చేవాడు. నాన్నకు ఇంట్లో ఏ పని కావాలన్నా ముందుండేవాడు. నా చదువు పట్టించుకున్నది ఆయనే. ఆయన సీసాల పిచ్చే నన్ను కెమిస్ట్రీ వైపు లాగింది. ఆయన మంచితనానికి మేమంతా మురిసిపోయాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తొమ్మిదేళ్లు గడిచాయి. ఆయిళ్లు పరీక్షించే ఒక ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చింది. అక్కడొక యంత్రం ఉంది. క్లచ్ ప్లేట్లను ఆయిల్లో ముంచి, వేగం మార్చి తిప్పుతూ, ఎంత జారుతున్నాయో ఎంత పట్టుకుంటున్నాయో గీత గీసి చూపిస్తుంది. వాడిన ఆయిళ్లలో మందులు ఎలా అరిగిపోతాయో పోల్చి చూసే పని నాకు అప్పగించారు. ఇన్ని పాత ఆయిళ్లు ఇంకెక్కడ దొరుకుతాయి? మామయ్యను అడిగాను. అప్పటికి ఆయన రిటైరై అయిదేళ్లు. మర్నాడు అలమర తాళం ఇచ్చి, నీకు కావాల్సినవి తీసుకోవే అన్నాడు. నలభై సీసాలు పెట్టెలో సర్దుకున్నాను. నాన్న బండి సీసాను ఆయన తీసి దాచెయ్యగలిగేవాడే. అలమర తెరిచే ముందు ఆయనకు రాత్రంతా వ్యవధి ఉంది. మరిచిపోయాడో, కావాలని వదిలేశాడో నేను అడగలేదు.

మిగతా ఆయిళ్లన్నీ ఊహించినట్టే ఉన్నాయి. అరిగిన కొద్దీ, వేగం తగ్గే చోట గీత పైకి లేచి, వణుకు చూపించాయి. ఒక్క సీసా మాత్రం తిరగబడింది. అంత నల్లబడ్డ ఆయిలు కొత్తదానికన్నా మెత్తగా నడిచింది. కానీ ప్లేట్లను ఆపి, బరువు పెట్టి, పట్టుకోమనగానే వదిలేసింది. యంత్రం చెడిపోయిందేమోనని రెండోసారి, మూడోసారి పెట్టాను. మూడుసార్లూ అచ్చు గుద్దినట్టు అదే గీత వచ్చింది. అప్పుడు చీటీ చదివాను. బండి నంబరు, కింద తేదీ. మా ఇంట్లో ఎవరూ పైకి అనని ఆ రోజుకు మూడో రోజు అది. ల్యాబులో నేల మీద కూర్చుండిపోయాను.

ఆ మధ్యాహ్నమే ఆయన ఇంటికి వెళ్లి గీత ఉన్న కాగితం ముందు పెట్టాను. ఆయనకు అలాంటి గీతలు చదవడం వచ్చునో రాదో నాకు తెలియదు కానీ, చూడగానే తెలిసిపోయింది. పసుపు చుక్క, నల్ల రంగు, మేకు, అన్నీ ఒకదాని వెనక ఒకటి చెప్పాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను. భయమేసింది అన్నాడు. ఆయన్ను కొట్టాలనిపించింది. ఆయన చేతులు పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఆదివారం మీరే వచ్చి నాన్నతో చెప్పండి అని మాత్రం అన్నాను.

మాట తప్పకుండా వచ్చాడు. డిపోకు ఇవ్వడానికి జరిగినదంతా రాసి, సంతకం పెట్టి తెచ్చాడు. నేను వకీలును కనుక్కున్నాను. బండి ఎప్పుడో తుక్కు కిందకు పోయింది, అలమరలో ఉన్న సీసాను ఎవరూ సాక్ష్యంగా ఒప్పుకోరు, కానీ మేస్త్రి వాంగ్మూలంతో పాటు డ్రైవరు కూడా నేను తొక్కాను, బండి అందుకోలేదు అని మళ్లీ రాసిస్తే కేసు తిరగదోడవచ్చు అన్నాడు. నాన్న పేరు మీద పడ్డ మచ్చ పోవాలంటే ఆయన సంతకం ఒక్కటే కావాలి. ఆ కాగితం కూడా నేనే టైపు చేయించి పట్టుకొచ్చాను.

మామయ్య నాన్న ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. మధ్యలో ఆగలేదు, తలెత్తలేదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. చివరిదాకా విని, మామయ్య ముందు పెట్టిన టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆయన్ను అన్నయ్యా అని పిలవలేదు. అమ్మ ఒక్క క్షణంలో నమ్మింది.

నాన్న నమ్మలేదు.

ఆయన ముందుకు వంగి మామయ్య భుజం మీద చెయ్యి వేశాడు. తొమ్మిదేళ్లుగా మా ఇంటికి నువ్వు చేసింది చాలదా బావా, ఇప్పుడు నా తప్పు కూడా నెత్తిన పెట్టుకుంటావా అన్నాడు. మామయ్య సీసా చూపించాడు. నాన్న దానికేసి చూడనేలేదు. నేను గీత ఉన్న కాగితం తెచ్చి, ల్యాబులో మూడుసార్లు చూశాను నాన్నా అన్నాను. ఆయన నవ్వాడు. కోపం రాలేదు, అదే నాకు భరించరానిది అయింది. మీ ఇద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చారు, నా మీద ప్రేమతోనే, నాకు తెలియదా అన్నాడు.

"నిజం బావా. ఒట్టు. అప్పుడు నీతో చెప్పిందే అబద్ధం" అన్నాడు మామయ్య.

"నువ్వు నాతో ఎప్పుడైనా అబద్ధం చెప్పావా?" అన్నాడు నాన్న. "ఆ రోజు అడిగాను, లేదన్నావు. దాంతో నాకు తేలిపోయింది. నేను వెళ్లి ఆవిడ చెల్లెలి ముందు నిలబడి తప్పు నాదేనని చెప్పి వచ్చాను. ఇప్పుడు మళ్లీ వెళ్లి కాదనమంటారా? ఆ పని నేను చెయ్యను."

నేను కాగితం చేతిలో పెట్టాను, పెన్ను పెట్టాను. బతిమాలాను, చివరికి అరిచాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చింపకుండా, జాగ్రత్తగా నాకే ఇచ్చేశాడు. అబద్ధం మీద సంతకం పెట్టనన్నాడు.

ఎండ తగ్గుతుండగా మామయ్య లేచాడు. ఆ కాసేపట్లోనే ముసలివాడైపోయినట్టున్నాడు. మాది రెండో అంతస్తు. మెట్ల దగ్గరకు వచ్చేసరికి తడబడ్డాడు. ఆసరాకు, సాగనంపడానికి వచ్చిన నాన్న చేతిని పట్టుకున్నాడు. నాన్న తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, మామయ్య చేతిని గోడ మీద పెట్టాడు.

"నన్ను పట్టుకోకు బావా. గోడ పట్టుకుని దిగు" అన్నాడు. "నా కాలు సంగతి నీకు తెలుసు కదా."

మామయ్య గోడ పట్టుకుని దిగాడు.